నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూలో వింత ప్రశ్నలు: సమస్య, కారణం, పరిష్కారం

నర్సింగ్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ప్రొసీజర్లు, మందుల డోసులు, ఎమర్జెన్సీ ట్రాలీలో ఏ అరలో ఏముంటుంది అన్నవన్నీ చదువుకుని వెళ్తారు. తీరా కుర్చీలో కూర్చున్నాక "మిమ్మల్ని ఏ జంతువుతో పోల్చుకుంటారు?" అని అడుగుతారు. లేదంటే "పెళ్లెప్పుడు?" అంటారు. చదివిందంతా వృథా అయిందని చిరాకుతో బయటికొస్తారు.

ఇలాంటి ప్రశ్నల్లో చాలావాటి వెనక ప్యానెల్‌కి ఏదో ఒక భయం ఉంటుంది. ఈ మనిషి తప్పు జరిగితే దాచేస్తారా? అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చేయడానికి జంకుతారా? పని నేర్పాక వెళ్లిపోతారా? ఆ భయం ఏదో పట్టుకుంటే జవాబు దానంతటదే వస్తుంది. కొన్ని ప్రశ్నలకి మాత్రం పనితో సంబంధమే ఉండదు. వాటిని వేరేగా చూడాలి.

సమస్య: "మీరు జంతువైతే ఏ జంతువు?" అనగానే మైండ్ బ్లాంక్ అయింది

కారణం: ఇది ఎక్కువగా హెచ్ఆర్ వాళ్ల లిస్టులోంచి వచ్చే ప్రశ్న. దీనికి సరైన జవాబంటూ ఏదీ లేదు, అనుకోనిది ఎదురైతే తడబడతారా లేదా అని చూస్తారు. ఇలాంటి వాటితో మంచి ఉద్యోగిని పట్టుకోవచ్చన్న నమ్మకం కూడా గట్టిది కాదు. గూగుల్‌లో నియామకాల బాధ్యత చూసిన లాజ్లో బాక్ 2013లోనే పజిల్ ప్రశ్నలు టైమ్ వేస్ట్ అని బాహాటంగా చెప్పారు. అయినా అడుగుతూనే ఉన్నారు.

పరిష్కారం: రెండు క్షణాలు ఆగి, ఏదో ఒకటి ఎంచుకుని, డ్యూటీకి సంబంధించిన ఒక్క కారణం చెప్పి ఆపేయండి. "ఏనుగు. గుంపులో ఒకటి పడిపోతే మిగతావి వదిలి వెళ్లవు. వార్డులో నా పని అయిపోయినా పక్క సిస్టర్‌కి కష్టంగా ఉంటే నేను ఉంటాను." ఇంతకు మించి సాగదీయొద్దు.

సమస్య: "మీరు చేసిన పెద్ద తప్పు చెప్పండి" అంటే ఏం చెప్పినా ఇరుక్కుంటామన్న టెన్షన్

ఈ లిస్టు మొత్తంలో ఎక్కువ ప్రిపేర్ కావాల్సిన ప్రశ్న ఇదే. ఇక్కడ ఎక్కువమంది రెండు రకాలుగా జారిపోతారు. కొందరు "నేనెప్పుడూ తప్పు చేయలేదు" అంటారు. మందులు ఇచ్చే ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు చేయి తడబడుతుందని ప్యానెల్‌లో కూర్చున్న నర్సింగ్ సూపరింటెండెంట్‌కి బాగా తెలుసు. కాబట్టి ఆవిడకి ఆ జవాబు "నేను తప్పు దాస్తాను" అన్నట్టే వినిపిస్తుంది. ఇంకొందరు "నేను మరీ ఎక్కువ కష్టపడతాను, అదే నా తప్పు" అంటారు. అది విన్నవాళ్లు పెన్ను కింద పెట్టేస్తారు.

కారణం: వాళ్లకి తప్పు కంటే తప్పు జరిగాక మీరు చేసిన పనుల వరస ముఖ్యం. ముందు పేషెంట్‌ని చూసుకున్నారా, ఎవరికి చెప్పారు, రికార్డులో రాశారా, మళ్లీ జరగకుండా ఏం మార్చుకున్నారు.

పరిష్కారం: పేషెంట్ దాకా వెళ్లకముందే దొరికిన తప్పు ఒకటి ముందే ఎంచి పెట్టుకోండి. జవాబు ఇలా ఉండొచ్చు:

"ఒక పేషెంట్‌కి 10 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. వయల్ ఎంఎల్‌కి 100 యూనిట్లది. ట్రేలో ఉన్న సిరంజి ఎంఎల్‌కి 40 యూనిట్ల గీతలున్నది. చూసుకోకుండా 10 గీత దాకా తీశాను. ఇచ్చేముందు రెండో సిస్టర్‌తో చెక్ చేయిస్తుంటే తేడా బయటపడింది. ఇచ్చి ఉంటే 25 యూనిట్లు వెళ్లేవి. ఆ సిరంజి పారేసి సరైన దానితో మళ్లీ తీశాం. ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పి ఇన్సిడెంట్ రిపోర్ట్ రాశాను. అప్పట్నుంచి వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె పైకి చదివాకే మందు తీస్తున్నాను."

ఇందులో ప్రమాదం నిజమైనది, షుగర్ ఒక్కసారిగా పడిపోయేంతది. దాన్ని పట్టుకున్న పద్ధతి కూడా నిజమైనదే. కానీ మీకు జరగనిదాన్ని అరువు తెచ్చుకోవద్దు. "సిరంజిలోకి ఎన్ని ఎంఎల్ వచ్చింది?" అని వెంటనే ఇంకో ప్రశ్న పడుతుంది. తెలిసినవాళ్లు పావు ఎంఎల్ అని టక్కున చెబుతారు, తెలియనివాళ్లు అక్కడే దొరికిపోతారు. ఫ్రెషర్లు స్టూడెంట్ పోస్టింగ్‌లో జరిగినదే చెప్పొచ్చు, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో సంగతి. ఏ సంఘటన చెప్పినా పేషెంట్ పేరు, బెడ్ నంబరు, గుర్తుపట్టగలిగే వివరాలు నోట రాకూడదు. ఇక్కడ కూర్చుని పాత ఆసుపత్రి పేషెంట్ గురించి అన్నీ చెప్పేవాళ్లు రేపు మా పేషెంట్ గురించీ చెబుతారని ప్యానెల్ అనుకుంటుంది. అలా అనుకోవడం న్యాయమే.

సమస్య: "డాక్టర్ తప్పు ఆర్డర్ ఇస్తే ఏం చేస్తారు?" అన్నది ఉచ్చులా ఉంది

"ఇస్తాను" అంటే పేషెంట్‌కి ప్రమాదం. "ఇవ్వను" అంటే మాట వినని మనిషని ముద్ర. చాలామంది ఈ రెండిటి మధ్య నలిగిపోయి, చివరికి "సీనియర్‌ని అడుగుతాను" అని గొణుగుతారు.

కారణం: మీకు వాదించే అలవాటుందా, మౌనంగా ఉండే అలవాటుందా, లేక పద్ధతిగా ఆపి అడిగే అలవాటుందా అని చూస్తున్నారు. మూడోదే కావాలి.

పరిష్కారం: ఒక ఉదాహరణ మీరే వేసుకుని చెప్పండి. పొటాషియం క్లోరైడ్‌ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇవ్వమన్నారనుకుందాం. అలా ఇస్తే గుండె ఆగిపోతుంది. కాబట్టి మందు ఇవ్వకుండా ఆపుతాను, డాక్టర్‌కి ఫోన్ చేసి ఆర్డర్ చదివి వినిపించి నా అనుమానం చెబుతాను, ఆయన మార్చకపోతే ఇన్‌చార్జ్‌కి, పై డాక్టర్‌కి చెబుతాను, ఏ టైమ్‌కి ఎవరితో మాట్లాడానో కేస్ షీట్‌లో రాస్తాను. ఎవరికీ చెప్పకుండా మందు మానేయడం కూడా తప్పేనని ఒక మాట కలపండి. ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ.

ఫోన్లో మాట్లాడే తీరు అడిగితే ఎస్‌బార్ వరస వాడండి: ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. అమెరికా నౌకాదళంలోని అణు జలాంతర్గాముల్లో పుట్టిన ఈ పద్ధతిని కైజర్ పర్మనెంటే అనే అక్కడి వైద్య సంస్థ ఆసుపత్రుల్లోకి తెచ్చింది. వినడానికి ఇలా ఉంటుంది: "సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సుని, డాక్టర్ గారూ. మధ్యాహ్నం ఆపరేషన్ అయిన పేషెంట్ బీపీ 86/50కి పడింది, పల్స్ 124. సాయంత్రం 6కి బీపీ 118/76 ఉంది. డ్రెయిన్‌లో గంటలో 200 ఎంఎల్ రక్తం వచ్చింది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి." ఇంటర్వ్యూలో దీన్ని బట్టీ పట్టినట్టు కాకుండా నిజంగా ఫోన్ పట్టుకున్నట్టే చెప్పండి.

సమస్య: ఉన్నట్టుండి లెక్క అడిగారు, అంకెలు కలిసిపోయాయి

"1000 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో వెళ్లాలి, ఎంఎల్‌కి 20 చుక్కలు పడే సెట్. నిమిషానికి ఎన్ని చుక్కలు?" పేపర్ ఉంటే ఎవరైనా చేస్తారు. ఎదురుగా ముగ్గురు చూస్తుంటేనే కష్టం.

పరిష్కారం: ప్రతి మెట్టూ పైకి చెబుతూ చేయండి. 1000ని 20తో హెచ్చిస్తే 20,000 చుక్కలు. 8 గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే 41.67, అంటే 42. చివర్లో అంకె తప్పినా దారి సరైనదని వాళ్లు వింటారు. ఎంఎల్‌కి 60 చుక్కలు పడే మైక్రో సెట్ అయితే లెక్కే అక్కర్లేదు, గంటకి ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలు. పేపర్, పెన్ను అడగడంలో తప్పేమీ లేదు. వార్డులో కూడా మందు లెక్క నోటితో వేయకూడదు కదా.

సమస్య: "డాక్టర్ ఎందుకు కాలేదు?", "మగవాళ్లు నర్సింగ్‌లోకి ఎందుకు?"

కారణం అవగాహన లేకపోవడం, ఇంకేమీ కాదు. కోపం రావడం సహజం, నాకూ వస్తుంది. ఆ గదిలో మాత్రం డాక్టర్‌తో పోల్చుకునే పని పెట్టుకోవద్దు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి వెళ్తారు, పేషెంట్ రంగు మారడం, మాట తడబడటం ముందుగా కనిపించేది షిఫ్ట్ మొత్తం పక్కనే ఉన్న నర్సుకి. నాకు ఆ పని కావాలి అని చెప్పండి. రెండో ప్రశ్నకీ ఇదే జవాబు సరిపోతుంది.

సమస్య: పెళ్లి, పిల్లలు, "ఈ రెండేళ్లలో ప్లాన్ ఏమైనా ఉందా?"

కారణం: రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో, ఖాళీ పడుతుందని, నైట్ డ్యూటీలు మానేస్తారని వాళ్ల భయం. భయం అర్థమైనంత మాత్రాన ప్రశ్న సరైనదైపోదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన 183వ ఒప్పందం, ఉద్యోగానికి వచ్చిన మహిళని గర్భ పరీక్ష అడగకూడదంటుంది. గర్భిణులకి చట్టం వద్దన్న పనులు, తల్లికీ బిడ్డకీ ప్రమాదమున్న పనుల వరకే మినహాయింపు. ఇది మీ లోపం కాదని ముందు మీరు నమ్మాలి.

పరిష్కారం: ప్రశ్నని వదిలి దాని వెనక ఉన్న భయానికి జవాబివ్వండి. "రోస్టర్ గురించి అడుగుతున్నారనుకుంటా మేడమ్. నైట్స్‌తో కలిపి అన్ని షిఫ్టులూ చేస్తాను. సెలవు కావాల్సి వస్తే ముందే చెబుతాను." చేయలేని షిఫ్టులుంటే ఇక్కడే నిజం చెప్పండి, తర్వాత గొడవ ఉండదు. మళ్లీ అదే అడిగితే "అది నా సొంత విషయం మేడమ్, డ్యూటీ గురించి ఏదైనా అడగండి" అని మెల్లగా అనొచ్చు. మూడోసారీ అడిగే చోట రేపు సెలవు చీటీ పెడితే ఎలా ఉంటుందో కూడా లెక్కలో వేసుకోండి.

సమస్య: "పేషెంట్ 'సిస్టర్, నేను చనిపోతానా?' అని అడిగితే?" అన్నారు, గొంతు పెగల్లేదు

కారణం: కష్టమైన మాట వినగానే మీరు పారిపోతారా, నిలబడతారా అని చూస్తున్నారు. వెంటనే "ఏం కాదు, ధైర్యంగా ఉండండి అంటాను" అన్నారంటే పారిపోయినట్టే. అది పేషెంట్ నోరు మూయించే మాట.

పరిష్కారం: ముందు కాసేపు ఆగండి. ఈ ప్రశ్న దగ్గర మౌనం మీకు మైనస్ కాదు. తర్వాత మీరు చేసే పనులు చెప్పండి: ట్రే పక్కన పెట్టి మంచం దగ్గర కూర్చుంటాను. "అలా ఎందుకనిపిస్తోంది?", "డాక్టర్ గారు మీకేం చెప్పారు?" అని అడుగుతాను. ఒక్కోసారి వాళ్ల భయం చావు గురించి కాదు, నొప్పి గురించో, ఇంట్లోవాళ్ల గురించో అయి ఉంటుంది. నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పను, నయమైపోతుందని మాటివ్వను. నొప్పి ఉంటే ఆ రాత్రే దాని సంగతి చూస్తాను. పేషెంట్ ఇలా అడిగారని డాక్టర్‌కి, షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌లో తర్వాతి సిస్టర్‌కి చెబుతాను. ఇలాంటి రాత్రి మీకు నిజంగా ఎదురై ఉంటే, పేరు లేకుండా అదే చెప్పండి.

సమస్య: "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటే "ఏం లేదు మేడమ్" అని లేచి వచ్చేశాం

జీతం గురించే అడగాలని చాలామంది అనుకుంటారు. దానికంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. నైట్‌లో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు? కొత్తవాళ్లని ఎన్ని రోజులు సీనియర్‌తో ఉంచుతారు? ఐసీయూలో మనుషులు తక్కువైతే వార్డు నుంచి పంపుతారా? ఇన్సిడెంట్ రిపోర్ట్ రాస్తే ఏం జరుగుతుంది? చివరిది తప్పకుండా అడగండి. మీ తప్పు చెప్పమన్నవాళ్లు తప్పు చెప్పినవాళ్లతో ఎలా ఉంటారో అప్పుడే తెలుస్తుంది. పేషెంట్ల సంఖ్య అడిగితే అంకె చెప్పకుండా "అడ్జస్ట్ అవ్వాలి" అన్నారంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు అదే ప్రశ్న మళ్లీ అడగండి.