కరెంటు ఖర్చు సలహాదారు పని నేర్చుకుందాం – మూడో పాఠం: అరగంట ఖరీదు

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. ఏదైనా హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్ ఉన్న చోటికి వెళ్లి, పన్నెండు నెలల బిల్లులు తీసుకుని, యూనిట్లు ఒక వరసలో, నమోదైన గరిష్ఠ డిమాండ్ ఇంకో వరసలో, కట్టిన మొత్తం మూడో వరసలో రాయమన్నాను. రాసినవాళ్లకు ఒక విషయం కనబడే ఉంటుంది. యూనిట్లు సగానికి పడిపోయిన నెలలో బిల్లు సగానికి పడిపోలేదు. ఎందుకని? ఈ పాఠమంతా దానికి జవాబే.

ఉదాహరణకు గుంటూరులో మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీని తీసుకుంటున్నాను. సలహాదారుగా మారకముందు నేను పనిచేసింది అలాంటి చోటే. పైగా మన జిల్లాలో ఈ లెక్క ఇంత స్పష్టంగా కనబడే వ్యాపారం ఇంకోటి లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీల మీద వచ్చి పడుతూనే ఉంటాయి. అవే ‘ఏసీ సరుకు’ అయి, ధర కోసం నెలల తరబడి లోపల ఎదురుచూస్తాయి. చలికాలం వచ్చేసరికి ఛాంబర్లు ఖాళీ అవుతుంటాయి, బయట ఎండ కూడా తగ్గుతుంది, ఒక్క కంప్రెసర్ కొంతసేపు నడిస్తే చాలు. అంటే ఏడాదిలో నాలుగు నెలలు పరుగు, మూడు నెలలు నిద్ర. బిల్లు మాత్రం నిద్రపోదు.

పెళ్లి భోజనాల లెక్క తెలిసినవాళ్లకు డిమాండ్ ఛార్జీ, అంటే యూనిట్లకు కాకుండా లోడుకు కట్టే డబ్బు, తేలిగ్గా అర్థమవుతుంది. క్యాటరింగ్ అతనికి ముందే ఇన్ని ప్లేట్లని చెబుతాం. అంతకన్నా తక్కువమంది తిన్నా కనీసం ఇన్నిటికి డబ్బు కట్టాల్సిందే. ఎక్కువమంది వస్తే అదనపు ప్లేటు ధర వేరు. కరెంటు సరఫరా చేసే కంపెనీతో, అంటే డిస్కమ్‌తో, మనం రాసుకునే కాంట్రాక్ట్ డిమాండ్ కూడా ఇలాంటిదే. కోల్డ్ స్టోరేజీ 150 కేవీఏకు (కేవీఏ అంటే కిలోవోల్ట్ ఆంపియర్, లోడును కొలిచే కొలత) ఒప్పందం చేసుకుందనుకోండి. ఏ నెలైనా కనీసం అందులో 80 శాతానికి, అంటే 120 కేవీఏకు డిమాండ్ ఛార్జీ పడుతుంది. నమోదైన డిమాండ్ అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువకే కట్టాలి. 150 దాటితే, దాటిన భాగానికి మామూలు రేటు కాదు, పెంచిన రేటు.

మరి ఆ డిమాండ్‌ను మీటరు ఎలా కొలుస్తుంది? ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మీటరు అరగంట అరగంటకు ఎన్ని కేవీఏహెచ్ (కేవీఏ గంటలు) లాగామో లెక్కపెట్టి, దాన్ని రెండుతో గుణిస్తుంది. ఒక అరగంటలో 75 కేవీఏహెచ్ లాగితే ఆ అరగంట డిమాండ్ 150 కేవీఏ. నెలలో సుమారు 1,440 అరగంటలుంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏదో, అదొక్కటే ఆ నెల డిమాండ్. మిగతా 1,439 అరగంటలు మీరెంత పొదుపుగా నడిపినా ఈ లెక్కలోకి రావు. 4,000 కేవీఏకు పైబడ్డ పెద్ద కనెక్షన్లకు మాత్రం అరగంట బదులు పావుగంట చొప్పున కొలుస్తారు. మనం చూసే కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు చాలావరకు అరగంట లెక్కలోనే ఉంటాయి.

ఇక్కడ ఒక అపోహ తీర్చేస్తాను. చాలా ప్లాంట్లలో చెప్పే మాట ఇది: ‘మోటారు స్టార్టయ్యేటప్పుడు ఆరు రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే ఎండీ పెరిగింది.’ ఎండీ అంటే గరిష్ఠ డిమాండ్. ఆరు రెట్లు లాగే మాట నిజమే. కానీ ఎంతసేపు? పది సెకన్లు అనుకుందాం. పది సెకన్లు ఆరు రెట్లంటే మామూలు నడకలో అరవై సెకన్ల కరెంటు. అంటే అదనంగా పడింది యాభై సెకన్ల కరెంటు. అరగంటలో 1,800 సెకన్లున్నాయి. 45 కిలోవాట్ల కంప్రెసర్ మోటారుకు ఈ అదనం ఎండీలో ఒకటిన్నర కేవీఏ కూడా రాదు. మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ పెడితే మోటారుకు, బెల్టులకు, కేబుళ్లకు మేలే. ఎండీ తగ్గించడానికని చెప్పి దాన్ని అమ్మించకండి. ఎండీని పెంచేది స్టార్టింగ్ కాదు. చాలా మోటార్లు కలిసి అరగంటసేపు నడవడమే దాన్ని పెంచుతుంది.

అలాంటి అరగంట ఎప్పుడు వస్తుందో నాకు బిల్లు చెప్పలేదు. ఒక ఏప్రిల్ రాత్రి ప్లాంట్ ఆపరేటర్ పక్కన కూర్చుంటే తెలిసింది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, ముఠా మేస్త్రి కేకలు వేస్తున్నాడు, హమాలీలు టిక్కీలు ఎక్కిస్తూనే ఉన్నారు. ఎనిమిది గంటలకు కరెంటు పోయి, నలభై నిమిషాల తర్వాత వచ్చింది. ఆపరేటర్ ఒక్క పరుగున ప్యానెల్ దగ్గరికి వెళ్లాడు. వరసగా పంపులు రెండూ, కంప్రెసర్లు రెండూ, ఛాంబర్ల ఫ్యాన్లన్నీ వేశాడు. పైన ట్యాంకులో నీళ్లు తగ్గాయని బోరు మోటారు కూడా వేశాడు. అప్పటికే లిఫ్టులు మళ్లీ తిరుగుతున్నాయి. ఆ నెల మీటరులో 159 నమోదైంది. మిగతా ఏ అరగంటా 140 దాటలేదు.

“అన్నా, రెండో కంప్రెసర్ ఒక అరగంట ఆగి వేస్తే ఏమవుతుంది?” అని అడిగాను.

“ఛాంబర్ వేడెక్కిందంటే ఓనరు గారు ఊరుకుంటారా బాబూ? సరుకు ఆయనది కాదు, రైతులది, వ్యాపారులది. రంగు పోయిందంటే ఎవరు జవాబు చెప్పాలి?” అన్నాడు.

ఆయన భయం అబద్ధం కాదు. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసిన సలహా ప్యానెల్ దగ్గరికి చేరదు. అందుకే మర్నాడు ఇద్దరం కలిసి ఒక పని చేశాం. కరెంటు పోయిన ఆ నలభై నిమిషాల్లో ఛాంబర్‌లో ఎంత వేడి పెరిగిందో లాగ్ పుస్తకంలో వెతికాం. తలుపు దగ్గరి గాలి కొంచెం వేడెక్కింది. లోపల పేర్చిన బస్తాల మధ్య పెట్టిన థర్మామీటర్ మాత్రం దాదాపు కదల్లేదు. మంచి ఇన్సులేషన్ ఉన్న గదిలో వేల టిక్కీలు చల్లబడి ఉంటే, ఆ సరుకే చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. అరగంటలో మిర్చి పాడు కాదు. ఈ సంగతి ఓనరు గారికి ఆపరేటర్ నోటితోనే చెప్పించాను. ఆయన విని, “అట్లాగయితే ఆగి వెయ్యండి, నేనేమీ అనను” అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను నెల తిరిగాను.

ఇప్పుడు ఆ అరగంటను కాగితం మీద పెడదాం. మీరూ ఇలాగే రాయాలి. రెండు కంప్రెసర్లు కలిపి 84 కిలోవాట్లు, కండెన్సర్ పంపులు 15, ఫ్యాన్లు 24, లిఫ్టులు 11, బోరు ఏడున్నర, లైట్లు ఆఫీసు కలిపి 5. మొత్తం 146.5 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో పనికొచ్చే కిలోవాట్ల వంతు) 0.92 ఉంది కాబట్టి దాన్ని 0.92తో భాగిస్తే 159 కేవీఏ. మీటరు చెప్పిందీ అదే. ఇలా మీ లెక్క, మీటరు లెక్క కలిసిన రోజున మీకు ఆ ప్లాంటు అర్థమైనట్టు. కలవకపోతే ఏదో మోటారును మరిచిపోయారు. మళ్లీ షెడ్డంతా తిరగండి. మోటారు ప్లేటు మీద ఉన్న అంకె వేసుకుంటే సరిపోదని గుర్తుంచుకోండి. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి నిజంగా ఎంత లాగుతోందో చూడాలి.

ఖరీదు కట్టడానికి కేవీఏకు నెలకు 475 రూపాయలు అనుకుందాం. మీరు మాత్రం మీ బిల్లు మీదున్న రేటే వాడండి. ఆ అరగంట లేకపోతే డిమాండ్ 140. అది ఉండటం వల్ల 150 దాకా ఇంకో 10 కేవీఏ మామూలు రేటున, పైన 9 కేవీఏ రెట్టింపు రేటున పడ్డాయనుకుంటే, 10కి 18 కలిపి 28. దాన్ని 475తో గుణిస్తే 13,300 రూపాయలు. ఒక్క అరగంటకు ఇంత! ఆ అరగంటలో వాడిన యూనిట్ల డబ్బు దీనికి అదనం, అది వెయ్యి రూపాయలు కూడా ఉండదు.

తగ్గించే మార్గంలో కొనాల్సిందేమీ లేదు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో వరస రాసి ప్యానెల్‌కు అంటించాం. కరెంటు వచ్చాక ముందు కండెన్సర్ పంపు. నీళ్లు పడుతున్నాయని చూసుకున్నాకే మొదటి కంప్రెసర్. ఈ రెండింటి వరస ఎప్పుడూ మార్చకండి. కండెన్సర్‌కు నీళ్లు లేకుండా అమ్మోనియా కంప్రెసర్ వేస్తే డిశ్చార్జి ప్రెషర్ పైకి పోతుంది, అది మనుషుల ప్రాణాలతో పని. తర్వాత ఫ్యాన్లు. రెండో కంప్రెసర్ ఇంకో అరగంట ఆగి. లిఫ్టులు నడుస్తున్నంతసేపు బోరు వేయకూడదు. అందుకోసం ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్ పెట్టి, తెల్లవారుజామునే నింపుకోవడం అలవాటు చేశాం. బోరు ఒక్కటి తప్పిస్తేనే 139 కిలోవాట్లు, అంటే 151 కేవీఏ. రెండో కంప్రెసర్ ఆ అరగంటలో లేకపోతే ఇంకో 46 కేవీఏ దిగిపోతుంది. పవర్ ఫ్యాక్టర్‌ను 0.98కి తెస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ఎలా తేవాలో నాలుగో పాఠంలో చెబుతాను.

ఎండీ కంట్రోలర్ అనే పరికరం ఉంది. డిమాండ్ పెరుగుతుంటే గంట కొడుతుంది, మనం చెప్పిన మోటార్లను ఆపేస్తుంది. మంచిదే. కానీ ముందు కాగితం, తర్వాతే పరికరం అన్నది నా పద్ధతి. వరస అలవాటు కాని చోట పరికరం పెడితే, మొదటిసారి అది ఫ్యాన్లు ఆపగానే ఎవరో దాని వైరు తీసేస్తారు.

ఇక కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించే సంగతి. ఆ స్టోరేజీ ఏడాది అంకెలు ఇలా అనుకోండి: ఫిబ్రవరి 118, మార్చి 138, ఏప్రిల్ 159, మే 144, జూన్ 126, జులై 112, ఆగస్టు 104, సెప్టెంబరు 101, అక్టోబరు 96, నవంబరు 84, డిసెంబరు 72, జనవరి 70. కనీసం 120కి కట్టాలి కాబట్టి ఎనిమిది నెలల్లో వాడని 203 కేవీఏకు డబ్బు పోయింది. అంటే 96,425 రూపాయలు. ఒప్పందాన్ని 140కి తగ్గిస్తే కనీసం 112 అవుతుంది, వాడకుండా కట్టేది 145 కేవీఏకు దిగుతుంది. ఏడాదికి 27,550 రూపాయలు మిగులు.

చూడగానే వెంటనే తగ్గించమని రాయాలనిపిస్తుంది. నేనైతే ఒక సీజన్ ఆగమంటాను. ఏప్రిల్, మే నెలల్లో కాగితం మీది వరస నిలబడి, డిమాండ్ 138 దగ్గరే ఆగితే అప్పుడు తగ్గించాలి. ఇంకో ఛాంబర్ కట్టే ఆలోచన ఉందా అని కూడా ఓనరు గారిని అడగాలి. వదులుకున్న లోడు మళ్లీ కావాలంటే డెవలప్‌మెంట్ ఛార్జీలు మళ్లీ కట్టాలి. ఒప్పందం గడువు, తగ్గించుకునే షరతులు చదివాకే దరఖాస్తు. జిన్నింగ్, పొగాకు రీడ్రైయింగ్ లాంటి సీజన్ పరిశ్రమలకు, మెయిన్ ప్లాంటు మూసే నెలల్లో వేరే లెక్క ఉంటుంది. లోపల సరుకు పెట్టుకుని ఏడాదంతా నడిచే కోల్డ్ స్టోరేజీకి ఆ దారి పనికిరాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పాఠంలో మనం తగ్గించింది డబ్బు. రెండో కంప్రెసర్‌ను అరగంట ఆలస్యంగా వేస్తే అది చేయాల్సిన పని అరగంట తర్వాత చేస్తుంది, యూనిట్లు దాదాపు అవే. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గు దీనివల్ల తగ్గదు. మన గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ మిగిలితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ మిగులుతుంది. ఆ అంకెను డిమాండ్ పొదుపు పక్కన రాస్తే అది అబద్ధం. పర్యావరణ నివేదిక కావాలని అడిగే క్లయింట్లు ఇప్పుడు పెరిగారు, ఎగుమతి చేసేవాళ్లయితే మరీను. డబ్బు పొదుపుకు ఒక పేజీ, యూనిట్ల పొదుపుకు ఇంకో పేజీ పెట్టండి. నిజంగా యూనిట్లు తగ్గించే పనులు వేరే ఉన్నాయి: కండెన్సర్ గొట్టాలకు పట్టిన సున్నపు పొర తీయడం, ఛాంబర్‌ను అవసరానికి మించి చల్లబరచకపోవడం, ఎండలో కాగిన టిక్కీలను వచ్చిన వెంటనే కాకుండా రాత్రి చల్లబడ్డాక లోపలికి ఎక్కించడం. బాష్పీభవన ఉష్ణోగ్రత (ఛాంబర్ గొట్టాల్లో అమ్మోనియా ఆవిరయ్యే ఉష్ణోగ్రత) ఒక డిగ్రీ పెంచగలిగితే కంప్రెసర్ కరెంటు సుమారు 3 శాతం తగ్గుతుంది. ఈ పనులకు ఆరో పాఠం మొత్తం కేటాయించాను.

వచ్చే పాఠంలోపు మీరు చేయాల్సినవి. మీరు బిల్లులు తెచ్చుకున్న చోటికే మళ్లీ వెళ్లండి. పోయిన నెల గరిష్ఠ డిమాండ్ ఏ తేదీన, ఏ గంటకు నమోదైందో కనుక్కోండి. మీటరు దాచుకునే అరగంటల రికార్డులో, అంటే లోడ్ సర్వేలో, అది ఉంటుంది. యజమాని ద్వారా డిస్కమ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని అడిగించండి. ఆ తేదీన డ్యూటీలో ఉన్న మనిషిని పట్టుకుని, ఆ గంటలో ఏమేమి నడిచాయో చెప్పమనండి. పైన నేను వేసినట్టు లోడ్ల లెక్క వేసి, మీటరు అంకెతో పోల్చండి. ఐదు శాతం లోపు తేడాతో కలిస్తే నాలుగో పాఠానికి రండి. కలవకపోతే క్లాంప్ మీటరు పట్టుకుని ఇంకో రాత్రి ఆపరేటర్ పక్కన కూర్చోండి. వెళ్లేటప్పుడు ఆయనకూ ఒక టీ పట్టుకెళ్లండి.