బొమ్మలతో ఆడే యుద్ధ నాటకానికి ప్రేక్షకుల స్పందనను నమోదు చేయడం ఎలా?

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి వేదికపై తోలుబొమ్మలతో యుద్ధ నాటకం వేసే బృందాలు స్పందనను చప్పట్లతో కొలవకూడదు. బొమ్మ నేలకొరిగినప్పుడు హాలంతా పరచుకునే నిశ్శబ్దమే నా దృష్టిలో అసలు స్పందన. అందుకే ఒకరిని పక్క వరుసలో, జనం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, ఏ సన్నివేశంలో పిల్లలు అమ్మ కొంగు పట్టుకున్నారో, ఎక్కడ సెల్‌ఫోన్లు వెలిగాయో సమయంతో సహా రాయించండి.

2007లో లండన్ నేషనల్ థియేటర్ ప్రదర్శించిన, మొదటి ప్రపంచ యుద్ధ నేపథ్యం గల ‘వార్ హార్స్’లో ప్రధాన గుర్రం బొమ్మను ముగ్గురు కళాకారులు అందరికీ కనబడుతూనే ఆడించినా, ప్రేక్షకులు ఆ గుర్రం కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. మన తోలుబొమ్మలాటలో ఆడించేవారు తెర వెనుక ఉంటారు కనుక, వారు ఎప్పుడైనా గుర్తుకొచ్చారా అని తప్పక అడగండి.

గుమ్మం దగ్గర మైకు పెట్టి “ఎలా ఉంది?” అంటే “బాగుంది” అనే మాటే వస్తుంది. బయట టీ తాగుతున్నప్పుడు “ఏ బొమ్మ గుర్తుండిపోయిందండీ?” అని అడిగి, జవాబును వారి యాసలోనే, మనకు నచ్చకపోయినా దిద్దకుండా రాసుకోండి. కళ్లు తుడుచుకుంటూ మౌనంగా వెళ్లిపోయేవారిని మాత్రం ఆపవద్దు.