మొండి మొక్కే కదా అని మార్చిలో నాటకండి

శివరాత్రి వెళ్లిందంటే చాలు, మా అనంతపురం వీధుల్లోకి మొక్కల బండ్లు వచ్చేస్తాయి. బండి నిండా పూలు. "ఎండకు తట్టుకుంటుందా బాబూ?" అంటే "మొండి చెట్టమ్మా, నీళ్లే అక్కర్లేదు" అంటాడు. ఆ మాట నమ్మి ఒక ఏడు మార్చిలో పదకొండు తెచ్చి నాటాను. రోహిణి కార్తె దాటేసరికి రెండు మిగిలాయి. పోయిన తొమ్మిదీ మొండి చెట్లే, పాపం.

గన్నేరైనా కాగితం పూలైనా నీళ్లు లేకుండా నిలబడేది వేళ్లు లోతుకు దిగాకే. అందుకు ఏడాదైనా పడుతుంది. మొదటి వేసవిలో ప్రతి మొక్కా పసిపిల్లే. అందుకని ఈ ఎండల్లో మొక్కలు ఎంచుకోండి, గుంతలు తీసి ఎండనివ్వండి, నాటడం మాత్రం వానలదాకా ఆపండి. మాకు ఏడాదంతా కలిపి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబరు వానలే గట్టివి. మృగశిర చినుకులు చూసి తొందరపడితే జూలైలో బిందెలు మోయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. బండ్ల మీద వచ్చే మొక్కలు చాలావరకు గోదావరి పక్క కడియం నర్సరీలవి. కవరు చించితే గట్టి ఒండ్రు ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మా ఎర్ర ఇసుక నేలలో పెడితే పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల ఇటుకలా ఎండుతుంది. చచ్చిన మొక్కలు పీకితే ముద్ద ముద్దగానే చేతికొచ్చింది, ఒక్క వేరూ బయటికి పాకలేదు. నాటేముందు ముద్దను బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత అంచుల్ని చేత్తో నెమ్మదిగా వదులు చేయండి. కాగితం పూల మొక్కకు మాత్రం ఈ పని చేయొద్దు, వేళ్లు కదిలితే అది అలుగుతుంది. నానబెట్టి, కవరు జాగ్రత్తగా కోసి, ముద్దతోనే దించండి.

ఏవి నాటాలంటే, ముందు మీ ఊరి గట్టు మీద చూడండి. ఎవరూ నీళ్లు పోయని చోట తంగేడు పసుపుపచ్చగా పూస్తోందంటే మీ పెరట్లోనూ పూస్తుంది. నర్సరీలో దాన్ని ఎవరూ పెద్దగా అమ్మరు, గింజ తెచ్చుకోవాల్సిందే. వంటింటికి కరివేపాకు, మునగ, దానిమ్మ, సీతాఫలం చాలు. మునగ కొమ్మ పెళుసు, మే నెల గాలివానకు విరుగుతుంది, కరెంటు తీగల కింద వద్దు. కాగితం పూలకు నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కాస్త ఎండగడితేనే పూస్తుంది.

పిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు వద్దే వద్దు, దాని గింజ ప్రాణాలు తీస్తుంది. మామూలు గన్నేరూ ఆకు నుంచి వేరుదాకా విషమే, మేకలు తిరిగే చోట కంచెగా పెట్టకండి. అడీనియం (ఎడారి గులాబీ) కొమ్మలు కత్తిరిస్తే కారే పాలు కళ్లకు తగలనివ్వకండి. త్వరగా పచ్చగా ఎదుగుతుందని కోనోకార్పస్ అనే చెట్టును అంటగడతారు. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. మనకెందుకా టెన్షన్?

కుండీలో ఉన్నదాన్ని మొండి మొక్క అనుకోవద్దు. నల్ల ప్లాస్టిక్ కుండీ డాబా మీద ఎండకు కాగితే లోపల వేళ్లు ఉడికిపోతాయి. వేసవి ముదరకముందే కుండీలన్నీ తూర్పు గోడ పక్కకు, మధ్యాహ్నం నీడ పడే చోటికి చేర్చండి.

నేలలో ఉన్నవాటికి రోజూ చెంబుడు పోసేకంటే మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు బిందెడు పోయడం మేలు. పైపైన తడిపితే వేళ్లు పైకే వస్తాయి. పొద్దు వాలాక పోయండి. పాదులో నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తేమ ఆగుతుంది. మా ఊళ్లో దొరికేదీ అదే. కానీ పొట్టుకు చెదలు పడతాయి, మొదలుకు జానెడు దూరం వదిలి, గుప్పెడు వేప పిండి కలిపి వేయండి. వారానికోసారి పొట్టు పక్కకు తీసి చూడండి. మట్టి గొట్టాలు కాండం ఎక్కుతుంటే అప్పటికప్పుడు దులిపేయాలి.