మంచు కురిసిన పొద్దున కారు తీసే ముందు

రాత్రి కిటికీలోంచి ఫొటోలు తీసుకున్న ఆ అందమంతా పొద్దున్నే కారు మీద అడుగెత్తున కూర్చుని ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు పల్చటి చొక్కాతో వచ్చి ఐదు నిమిషాల్లో దులిపేసుకుని వెళ్లిపోతుంటారు, వాళ్లని చూసి మోసపోకండి, మనం అరగంట ముందే లేవాలి.

- ముందు ఏ కారు తవ్వుతున్నారో చూసుకోండి. మంచు కింద అన్నీ తెల్లగా ఒకేలా ఉంటాయి, తన కారే తవ్వుతున్నా పక్కింటాయన మాత్రం మిమ్మల్ని ఆపకుండా కాఫీ తాగుతూ చూస్తుంటాడు.

- సైలెన్సర్ గొట్టం. ఇక్కడ జోకుల్లేవు. అది మంచుతో పూడుకుపోయి ఉండగా ఇంజిన్ ఆన్ చేసి, హీటర్ పెట్టుకుని లోపల కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు కాబట్టి తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం చుట్టూ తవ్వాకే స్టార్ట్ చేయండి. తలుపు తెరిచే ఉంది కదా అని గ్యారేజీలో కూడా ఇంజిన్ నడపొద్దు.

- అద్దం మీద వేడినీళ్లు పోద్దామన్న బ్రహ్మాండమైన ఐడియా కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ వస్తుంది. వద్దు. అద్దం పగలొచ్చు, పగలకపోయినా ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. ఓపిగ్గా గీకాల్సిందే.

- వైపర్లు అద్దానికి అతుక్కుని ఉంటే విడిపించాకే ఆన్ చేయండి.

- పైకప్పు మీది మంచు వదిలేస్తే మొదటి బ్రేక్‌కే మొత్తం ముందద్దం మీదికి జారుతుంది.

- చలి మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, దారిలో ఇసుక చల్లండి.