స్థానిక సంఘ పరిచర్య – 6వ పాఠం: రొట్టె విరిచే ఆరాధనకు బల్ల సిద్ధం చేయడం

యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధననే ప్రభువు బల్ల అంటాం. ఆ బల్లలో ఎవరు పాలు పొందవచ్చో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు బల్ల మీదికి ఏం రావాలో, అది ఎలా రావాలో చూద్దాం. 1836లో మన దేశానికి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతుల పరిచర్యతో నరసాపురం చుట్టూ పుట్టిన బ్రదరన్ సంఘాల్లోనూ, తర్వాత సువార్తికుడు భక్త్ సింగ్ గారి పరిచర్యతో వచ్చిన హెబ్రోను సహవాసాల్లోనూ ఈ ఆరాధన ప్రతి ఆదివారం ఉంటుంది (అపొస్తలుల కార్యములు 20:7). కాబట్టి ఈ పని చేతనైనవాళ్లు సంఘంలో కనీసం ఇద్దరైనా ఉండాలి.

అరవై మందికి లెక్క వేద్దాం. గోధుమపిండి 200 గ్రాములు, నీళ్లు సుమారు 120 మి.లీ. సోడా, ఈస్టు వద్దు. పిండి ముద్దను ఇరవై నిమిషాలు నాననిచ్చి, అర సెంటీమీటరు మందాన ఒకే రొట్టెగా ఒత్తండి. రెండు చేస్తే పంచడం సులువే గానీ 1 కొరింథీ 10:17 చెప్పే ‘ఒకే రొట్టె, ఒకే శరీరం’ అనే గురుతు పోతుంది. సన్న సెగ మీద మూతపెట్టి కాల్చాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండి, విరిచినప్పుడు సాగుతుంది. శనివారం రాత్రే చేసి గాలికి వదిలేస్తే అప్పడంలా పెళుసెక్కుతుంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి.

ద్రాక్షరసం మనిషికి 15 మి.లీ. చొప్పున 900 మి.లీ. కావాలి. ఒలికేది కలుపుకొని లీటరు చేయండి. ఒకటిన్నర కిలో నల్ల ద్రాక్షను గ్లాసుడు నీళ్లతో పది నిమిషాలు ఉడికించి, రసం పిండి వడకట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఉడికించకుండా బయట ఉంచితే, తొక్క మీదుండే ఈస్టు వల్ల ఎండాకాలంలో తెల్లారేసరికి నురగ కడుతుంది.

ఇంతా చేశాక అసలు చిక్కు ప్రార్థన దగ్గర వస్తుంది. రొట్టె కోసం కృతజ్ఞత చెప్పడానికి లేచిన సహోదరుడు జబ్బుపడినవారి కోసం, వర్షాల కోసం, సువార్త కూటాల కోసం విన్నపాలు మొదలుపెడతాడు. పది నిమిషాలు గడిచిపోతాయి, వెనక బెంచీల్లో పిల్లలు నిద్రపోతారు. లూకా 22:19లో వరుస చూడండి: కృతజ్ఞతాస్తుతులు, విరవడం, ఇవ్వడం. అక్కడ అడగడం లేదు. రెండు మూడు నిమిషాలు చాలు. ద్రాక్షరసపు గిన్నె సంగతి కూడా అప్పుడే ఎత్తకండి, దానికి వేరే ప్రార్థన ఉంది.

రొట్టెను ముందే ముక్కలుగా కోసి పెట్టకండి. అందరూ చూస్తుండగా రెండుగా విరిచి, రెండు పళ్లేల్లో రెండు వైపులకు పంపండి. ఒక్కొక్కరు చిటికెడే తుంచుకోవాలని కొత్తవారికి ముందుగా చెప్పండి. చెప్పకపోతే చివరి వరుసకు పొడే మిగులుతుంది.

అభ్యాసం: 1 కొరింథీ 11:23-26 చదివి, రొట్టె కోసం అయిదు వాక్యాల కృతజ్ఞతా ప్రార్థన రాయండి. అందులో ‘ఇమ్ము’, ‘దయచేయుము’ అనే మాటలు ఉండకూడదు.