పక్షవాతం తర్వాత రోజువారీ పనులు – 4వ పాఠం: ముందు మళ్ళీ చొక్కా, ఆ తర్వాత లుంగీ

ఈసారి లుంగీ, ప్యాంటు గురించి చెబుతానన్నాను. చెబుతాను, కానీ ముందు చొక్కా సంగతి తేలాలి. పోయిన పాఠం చూసి ఇంట్లో ప్రయత్నించినవాళ్ళలో చాలామంది రెండే మాటలు రాశారు. స్లీవ్ మోచేతి దగ్గర ఇరుక్కుపోతోందని ఒకటి, భుజం నొప్పి అంటున్నారని ఇంకొకటి.

పడిన చేతికి, అంటే పక్షవాతం వచ్చిన చేతికి, ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర విప్పాలి. ఇది అందరికీ వచ్చేసింది. మధ్యలో ఒక మెట్టు వదిలేస్తున్నారు. స్లీవ్ మోచెయ్యి దాటి, భుజం దాకా ఎక్కిన తర్వాతే చొక్కాను వీపు వెనక్కి తిప్పాలి. సగంలో తిప్పితే ఇరుక్కుంటుంది. ఇరుక్కోగానే పక్కనున్నవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని లాగుతారు.

దయచేసి లాగకండి. ఈ ఒక్క విషయం ఎన్నిసార్లయినా చెబుతాను. భుజం కీలులో గుంత లోతు తక్కువ. ఎముకను అందులో నిలిపి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతంలో చాలామందికి అవి వదులైపోతాయి, చేతి బరువుకే ఎముక కిందికి జారవచ్చు. కొందరికి భుజం అంచు కింద వేలు పెడితే సందు తెలుస్తుంది. అలాంటి చేతిని లాగితే నొప్పి మొదలవుతుంది. నొప్పి వచ్చిన మనిషి మర్నాడు చెయ్యి ముట్టుకోనివ్వడు, ప్రాక్టీసు అక్కడితో ఆగిపోతుంది. మంచం మీద నుంచి లేపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం కూడా ఇలాంటిదే. చేతిని తల మీదికి బలవంతంగా ఎత్తించడమూ అంతే. కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకుండా కింద దిండు పెట్టండి. ఇప్పటికే నొప్పి ఉంటే చొక్కా ప్రాక్టీసు ఆపి, ముందు డాక్టరుకు చూపించండి.

మరి ఎలా? పక్షవాతం వచ్చిన మనిషిని పాదాలు రెండూ నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టండి. చొక్కా లోపలివైపు పైకి ఉండేలా ఒళ్ళో పరిచి, పడిన చేతి స్లీవ్‌ను మోకాళ్ళ మధ్య కిందికి వదలండి. ఆయన కాస్త ముందుకు వంగితే చెయ్యి దాని బరువుతోనే స్లీవ్‌లోకి దిగుతుంది. బాగున్న చేత్తో బట్టను పైకి జరుపుకుంటారు. మీరు పక్కన ఉంటే చాలు, అదీ పడిన చేతి వైపు.

గుండీలకు నా పద్ధతి ఒకటుంది. అన్నీ మీరే పెట్టి, చివరి గుండీ మాత్రం ఆయనకు వదలండి. అది అలవాటయ్యాక చివరి రెండూ. రోజూ పని పూర్తి చేసింది ఆయనే అవుతారు. వెల్క్రో కుట్టించమని చాలామంది సలహా ఇస్తారు, నాకు నచ్చదు. ఒంటి చేత్తో సర్దుకునేలోపు అది వంకరగా అతుక్కుంటుంది. పెద్ద గుండీలు, కాస్త వెడల్పు కాజాలు, హాఫ్ చేతుల వదులు చొక్కా మేలు.

ఒకరు రాశారు: “నాన్నగారు కుడి స్లీవ్ తొడుక్కుని అయిపోయిందంటున్నారు, ఎడమవైపు వేలాడుతున్నా పట్టించుకోవడం లేదు.” అది బద్ధకం కాదండీ. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు ప్రపంచం ధ్యాసలోకే రాదు. కోప్పడితే లాభం లేదు. ఎడమ స్లీవ్ అంచుకు ఎర్ర రిబ్బన్ కుట్టి, “ఎర్రది ఎక్కడుందో చూడండి” అని రోజూ అడగండి.

ఫిజియోథెరపీ చేయిస్తున్నాం కదా, ఇదంతా ఎందుకని కూడా అడిగారు. చేతిలో బలం, కదలిక రావడానికి అది కావాలి, మానవద్దు. ఆ మనిషి మళ్ళీ కొట్లో కూర్చోవాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, ఉన్న బలంతో ఈ రోజు ఏం చేయగలడో చూసేది ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో ఈ థెరపిస్టులకు శిక్షణ 1950లో ముంబైలో కమలా నింబ్కర్ గారి చొరవతో మొదలైంది. ఇప్పటికీ చాలా ఊళ్ళలో థెరపిస్టు దొరకరు, అందుకే ఈ పాఠాలు.

ఇక లుంగీ. ఒంటి చేత్తో ముడి నిలవదు. కుట్టిన లుంగీకి నడుము దగ్గర ఎలాస్టిక్ వేయించండి. ప్యాంటయితే కూర్చుని, పడిన కాలును బాగున్న కాలి మీద వేసుకుని దానికి ముందు తొడగాలి, తర్వాత రెండోది. నిలబడలేనివాళ్ళు మంచం మీద పడుకుని నడుము ఎత్తి పైకి లాక్కోవచ్చు. చీర సంగతి విడిగా రాస్తాను.

ప్రాక్టీసు మీకే. మీ కుడి చేతిని ఒళ్ళో కదలకుండా ఉంచి, ఎడమ చేత్తో చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకోండి. వరుసగా మూడు రోజులు, ఆఫీసుకు బయల్దేరే హడావుడిలోనే చేయండి. నాలుగో రోజు ఆయన తొడుక్కుంటున్నప్పుడు ఆగిపోతే, సాయం చేసే ముందు మనసులో ఇరవై లెక్కపెట్టండి. ఆ చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్ళాలని ఉందో అడిగి, ఆయన మాటల్లోనే రాసి పంపండి.

వచ్చే పాఠం స్నానం. బాత్రూం తలుపు వెడల్పు, గడప ఎత్తు టేపుతో కొలిచి సిద్ధంగా ఉంచుకోండి.