పరుగు నేర్చుకుందాం – నాలుగో పాఠం: ఎవరి వేగం వారిదే

మూడో పాఠం ముగిసేసరికి, మధ్యలో నడక కలపకుండా అరగంట పరిగెత్తే స్థితికి వచ్చారు. ఇంకా రాకపోతే కంగారు పడొద్దు. ఆ పాఠంలోని చివరి వారాన్నే మళ్లీ మళ్లీ చేసి, అప్పుడే ఇటు రండి. అరగంట అందుకున్న వాళ్లకు సహజంగానే దూరం పెంచాలని ఆత్రం పుడుతుంది. ఈ నాలుగు వారాలూ ఆ ఆత్రాన్ని పక్కన పెట్టమంటున్నాను. ఇప్పుడు నేర్చుకోవాల్సింది మన వేగాన్ని మనం గుర్తుపట్టడం.

పరుగు మొదలుపెట్టి మానేసిన వాళ్లను కదిలించి చూడండి. మోకాళ్ల నొప్పులనో తీరిక లేదనో మొదట చెబుతారు. ఇంకాస్త అడిగితే, రోజూ రొప్పుతూ ఇంటికి వచ్చేవాళ్లమని ఒప్పుకుంటారు. పక్కన ఎవరో దాటిపోతుంటే వాళ్ల వెంటపడటం, పందెంలో గుంపు దూకితే తామూ దూకడం, ఒంటరిగా ఉన్న రోజున నిన్నటి టైంను కొట్టాలని పంతం పట్టడం. మూడింట్లోనూ పరిగెత్తింది తమ వేగంతో కాదు. ఒంటికి పడని పని ఎవరికైనా ఎన్నాళ్లు ఇష్టంగా ఉంటుంది?

ముందు ఒంటరిగా

దీనికి కొలత తెలిసిన చుట్టు ఒకటి కావాలి. ప్రామాణిక ట్రాక్‌లో లోపలి వరస వెంట ఒక రౌండు 400 మీటర్లు. వెలుపలి వరసకు జరిగేకొద్దీ ఒక్కో వరసకు ఏడు మీటర్లకు పైగా పెరుగుతుంది, ఎనిమిదో వరసలో 450 మీటర్లు దాటుతుంది. అంచు వెంట తిరుగుతూ రౌండ్లు లెక్కేసుకునే వాళ్ల లెక్క అందుకే తప్పుతుంది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం అయినా, మీ ఊరి కాలేజీ మైదానం అయినా, మీరు తిరిగే దారిని ఒకసారి కొలుచుకోండి. సైకిలు టైరు మీద సుద్దతో గీత గీసి, చక్రం ఒక్క తిరుగుడుకు ఎంత దూరం పోతుందో టేపుతో చూసి, చుట్టంతా తోసుకుంటూ తిరుగుళ్లు లెక్కపెడితే చాలు. ఇది నాటు పద్ధతి అనుకోవద్దు. పెద్ద పెద్ద మారథాన్ల దారులను అధికారికంగా కొలిచేది కూడా సైకిలుతోనే, చక్రానికి లెక్కపెట్టే పరికరం బిగించి.

ఇక సాధన. పది నిమిషాలు నిదానంగా పరిగెత్తి ఒళ్లు వెచ్చబడ్డాక వాచీ నొక్కండి. ఒక రౌండు వేయండి, వాచీ మాత్రం చూడొద్దు. గీత దాటగానే ఎంత పట్టిందో మనసులో ఒక అంకె అనుకుని, ఆ తర్వాతే చూడండి. ఇలా ఆరు రౌండ్లు. మొదటి రోజు మీ అంచనాకూ వాచీకీ ఇరవై సెకన్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. తేడా అయిదు సెకన్ల లోపుకు వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఇదే పని. మొదటి రౌండు అన్నిటికన్నా వేగంగా, చివరిది ఈడ్చుకుంటూ వస్తోందా? అయితే మొదటిదాన్ని కావాలని నెమ్మది చేయండి. మొదటి రౌండులో కాళ్లు తాజాగా ఉంటాయి, అందుకని వేగం అంతగా ఉన్నట్టు తెలియదు. ఆ మోసాన్ని పట్టుకోవడానికే ఈ సాధన.

లెక్క సులువు. 400 మీటర్ల రౌండు 3 నిమిషాల్లో వస్తే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు. అదే పట్టున సాగితే 5 కిలోమీటర్లు, అంటే పన్నెండున్నర రౌండ్లు, 37 నిమిషాల 30 సెకన్లు. రౌండు 2 నిమిషాల 48 సెకన్లయితే కిలోమీటరు 7 నిమిషాలు, 3 నిమిషాల 12 సెకన్లయితే 8 నిమిషాలు. వీటిలో ఏదీ గొప్ప కాదు, ఏదీ తక్కువ కాదు. రౌండు తర్వాత రౌండు ఒకే అంకె రావడం గొప్ప. 1920, 1924, 1928 ఒలింపిక్స్‌లలో కలిపి 9 స్వర్ణాలు గెలిచిన ఫిన్లాండ్ పరుగువీరుడు పావో నూర్మి చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తేవాడు. పక్కవాడిని కాదు, తన లెక్కను చూసుకుంటూ పోయేవాడు.

మన కోస్తాలో ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామున కూడా ఉక్కపోతే. చెమట ఆరక గుండె రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, కండరాలకు అందేది తగ్గుతుంది. జనవరిలో 3 నిమిషాలకు హాయిగా వచ్చిన రౌండు మే నెలలో అదే ప్రయాసతో మూడుంపావు పడుతుంది. అది మీరు వెనకబడటం కాదు. ఎండాకాలంలో వాచీని వదిలేసి ఊపిరిని బట్టి పరిగెత్తండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, అంతవరకు తగ్గించుకోండి. తల తిరిగినా, వణుకు పుట్టినా, మాట తడబడినా వెంటనే ఆపేసి నీడకు చేరి ఒళ్లు తడుపుకోవాలి. తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

ఆదివారం, నలుగురితో

ఒంటరి పరుగు లెక్క నేర్పుతుంది. నలుగురితో పరుగు నిదానం నేర్పుతుంది. కానీ కలిసి పరిగెత్తే జట్లలో నేను ఎక్కువగా చూసేది వేరు: గట్టివాళ్లు ముందు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వెనక ఒంటరిగా మిగిలి, రెండు వారాలకు రావడం మానేస్తారు. జట్టు పెట్టిందే వాళ్ల కోసం కదా. దీనికి చక్కటి ఉపాయం ఒకటి ఉంది. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మైపాడు తీరానికి వెళ్లండి, ఒంగోలు వాళ్లయితే కొత్తపట్నం. అందరూ ఒకే చోట మొదలుపెట్టాలి. అందరి ఫోన్లలోనూ 20 నిమిషాలకు అలారం ఉండాలి. ఎవరి వేగంలో వాళ్లు ఒకే దిక్కుకు పోవాలి. అలారం మోగగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరగాలి. ఇప్పుడు చూడండి: అందరికన్నా ముందున్నవాళ్లు ఒక్కసారిగా అందరికన్నా వెనక అయిపోతారు, వెనకున్న కొత్తవాళ్లు ముందు. పోయిన వేగంతోనే వస్తే, నలభయ్యో నిమిషానికి అందరూ బయల్దేరిన చోటికి ఒకేసారి చేరతారు. నాలుగు కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లూ, ఏడు పరిగెత్తినవాళ్లూ కలిసి టీ తాగుతారు.

ఈ పరుగులో ఒక పరీక్ష కూడా దాగి ఉంది. పోయేటప్పుడు దూకుడుగా పోయినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు నీరసించి ఆలస్యంగా చేరతారు. పోయేటప్పుడు నిగ్రహించుకున్నవాళ్లు నలభై నిమిషాల కంటే ముందే వచ్చేస్తారు. ఎవరు ముందు పరిగెత్తారని కాక, ఎవరు అనుకున్న టైంకు చేరారని చూసుకోండి. రెండో సగాన్ని మొదటి సగం కన్నా కాస్త వేగంగా ముగించడం మంచి పరుగుకు గుర్తు, ఇక్కడ అది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

తీరంలో అలలు తడిపి గట్టిపడ్డ ఇసుక మీదే పరిగెత్తండి. ఆ ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. వెనక్కి తిరిగినప్పుడు అది రెండో కాలికి మారి సరిపోతుంది. మసక వెలుతురులో పడవలకు కట్టిన మోకులు కనబడవు, పడవలున్న చోట నడవండి. ఊళ్లోనే పరిగెత్తే వాళ్లు హైవే వదిలేసి లోపలి రోడ్లు ఎంచుకోండి, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపున పొండి. ఆడవాళ్లు చీకటితో బయల్దేరాల్సి వస్తే జట్టులో ఇద్దరైనా వాళ్ల పక్కన సాగాలి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, జట్టు బాధ్యత.

మధ్యలో మీ వేగం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే పక్కనున్న వాళ్లను చేపల పులుసు ఎట్లా చేస్తారో అడగండి. చింతపండు ఎంత, మామిడికాయ ఎప్పుడు వేయాలి, పొద్దున వండి సాయంత్రం తింటే ఎందుకు బాగుంటుందో ఆగకుండా చెప్పగలిగితే వేగం సరైనది. "ఉండు అబ్బయా, తర్వాత చెప్తా" అన్నారంటే ఇద్దరూ తగ్గాలి.

నలుగురి బలం ఎంతటిదో తెలియాలంటే 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగె పరుగు చూడండి. 42.195 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేశాడు. 41 మంది పేసర్లు, అంటే వేగం నిలబెట్టడానికి తోడుగా పరిగెత్తేవాళ్లు, వంతులవారీగా చుట్టూ చేరి గాలిని అడ్డుకున్నారు. అలా మారిమారి రావడం వంటి కారణాల వల్ల దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. నాకు మాత్రం ఆ టైం కన్నా, ప్రతి కిలోమీటరూ 2 నిమిషాల 50 సెకన్ల చుట్టుపక్కలే నిలిచిన ఆ నిలకడ ముచ్చటేస్తుంది.

పందెం రోజు

మొదటి పందెం 5 కిలోమీటర్లదే ఎంచుకోండి. నెల్లూరు, ఒంగోలు రెండూ చెన్నై–విజయవాడ రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి జనవరిలో జరిగే చెన్నై మారథాన్ మనకు దగ్గర. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో వస్తుంది. వాటిలో 5 కిలోమీటర్ల పందెం ఉందో లేదో ముందే చూసుకోండి. బిబ్ నంబరు, అంటే చొక్కాకు తగిలించుకునే పందెం నంబరు, చాలాచోట్ల ముందురోజే తీసుకోవాలి, ఆ లెక్కన రైలు చూసుకోండి. కొత్త బూట్లు, కొత్త తిండి ఆ రోజున వద్దు. ఎప్పుడూ తినే ఇడ్లీలే రెండు గంటల ముందు తినండి.

బయల్దేరే చోట వెనక నిలబడండి. బిబ్‌కు టైం నమోదు చేసే చిప్ ఉంటే మీరు గీత దాటినప్పటి నుంచే మీ టైం మొదలవుతుంది, వెనక ఉన్నందుకు నష్టమేమీ లేదు. డప్పులు, పాటలు, అరుపుల మధ్య మొదటి కిలోమీటరులో వందలమంది మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. మైదానంలో వాచీ చూడకుండా నేర్చుకున్నది ఇక్కడే పనికొస్తుంది: అనుకున్న టైం కన్నా పది సెకన్లు ఎక్కువ పట్టేలా, నిదానంగానే మొదటి కిలోమీటరు ముగించండి. అలా దాటిపోయినవాళ్లలో చాలామంది నాలుగో కిలోమీటరులో నడుస్తూ కనిపిస్తారు. వాళ్లకు ఒక మాట చెప్పి సాగండి, "రా అన్నా, కలిసి పోదాం" అంటే చాలామంది మళ్లీ పరుగందుకుంటారు. నీళ్ల బల్లల దగ్గర మొదటి బల్ల మీద ఎగబడకుండా చివరిదాని దగ్గర తీసుకుని, నడుస్తూ రెండు గుక్కలు తాగండి. దాహానికి మించి తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది.

మీ వాచీ 5 కిలోమీటర్లకు బదులు 5.1 చూపిస్తే నిర్వాహకులను తప్పుపట్టకండి. అధికారికంగా కొలిచిన దారిని మలుపుల్లో లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గర దారిన కొలుస్తారు. మనం మలుపుల్లో వెలుపలికి పోయి ఆ అదనపు దూరం పరిగెత్తుతాం.

ఇక ఈ నాలుగు వారాల పని. మంగళ, గురువారాల్లో అంచనా రౌండ్లు: మొదటి రెండు వారాలు ఆరేసి, తర్వాత ఎనిమిదేసి. శనివారం విశ్రాంతి. ఆదివారం జట్టు పరుగు: మొదట 15 నిమిషాలు పోయి 15 నిమిషాలు రావడం, మూడో వారం నుంచి ఇరవయ్యేసి నిమిషాలు. ప్రతిసారీ నోటుబుక్కులో రెండు అంకెలు రాయండి, మీరు అనుకున్నదీ వాచీ చెప్పిందీ. నాలుగో ఆదివారం మాత్రం జట్టు పరుగుకు బదులు ఒంటరిగా పన్నెండున్నర రౌండ్లు వేసి, ప్రతి రౌండు టైమూ విడివిడిగా రాసి ఉంచుకోండి. 10 కిలోమీటర్లకు ఎలా పెంచాలో చెప్పే అయిదో పాఠానికి ఆ అంకెలతోనే పని.